రాచనగళ్ళు ఏమైనవి?

తెనాలి నుండి రేపల్లెకు పోవు రైలు మార్గములో భట్టిప్రోలు తగులును. ఆ ఊరి దిబ్బలలో ఒకదానికి విక్రమార్కకోట దిబ్బ అని పేరు. ఉజ్జయినీ విక్రమార్కుడు ఇంత దూరము వచ్చి ఈ రేగడి నేలలో కోట కట్టించెనని మనము నమ్మనక్కరలేదు. దిబ్బ కనిపించిన చోట జనులకు రాజు కావలెను. అసలు రాజు పేరు మరపునకు వచ్చినప్పుడు విక్రమార్కుని పిలిచి కూర్చుండబెట్టుదురు.

భట్టిప్రోలుకు నిజమైన రాజు పేరు ఒకటి లేకపోలేదు. 1892లో పురావస్తు శాఖకు చెందిన అలెగ్జాండర్ రే అచ్చటి బౌద్ధ స్తూపమును త్రవ్వించగా రాతి భరిణెలు, వానిలో స్ఫటికపు భరిణెలు బయల్పడినవి. ఆ రాళ్ళ మీద చెక్కిన బ్రాహ్మీ అక్షరములలో కుబిరకుడను రాజు పేరు కలదు. క్రీస్తునకు పూర్వము రెండు మూడు శతాబ్దుల నాటి మాట అది. తెలుగునేల మీద శాసనమున కెక్కిన రాజులలో ఇతడు మొదటి వరుసలోని వాడు. పేరు మిగిలినది. అరచేతిలో ఇముడునంతటి స్ఫటికపు భరిణె మిగిలినది. ఆ రాజు భోజనము చేసిన శాల, కొలువు తీర్చిన చావడి, అంతఃపురము మాత్రము ఏమైనవి?

భట్టిప్రోలు విడిచి బాపట్ల దిక్కుగా పోయినచో చందవోలు వచ్చును. పదునొకండవ శతాబ్ది చివర నుండి పదుమూడవ శతాబ్ది ఆరంభము వరకు అది వెలనాటి చోడుల రాజధాని. కృష్ణకు దక్షిణమున ఆరువేల గ్రామముల సీమకు అధిపతులమని వారు బిరుదములు వహించిరి. చోళ చక్రవర్తుల పక్షమున తీరాంధ్రమును ఏలిరి. గొంకరాజులు, రాజేంద్ర చోడుడు మొదలైన వారి దానశాసనములు మన గుడుల స్తంభముల మీద నేటికిని చదువుకొనవచ్చును. పృథ్వీశ్వరునితో ఆ వంశపు ప్రాభవము ముగిసినది. కాకతి గణపతిదేవుని సేనలు తీరమునకు దిగినవి. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున వర్ణించిన బౌద్ధ శైవ వివాదము జరిగినది ఈ వెలనాటి రాజు సభలోనే. ఆ సభ నేడు ఆ గ్రంథములో మాత్రమే ఉన్నది. చందవోలు పోయినవారు లింగోద్భవస్వామి ఆలయమును చూచి రావచ్చును, బండ్లమ్మ తల్లికి మ్రొక్కి రావచ్చును. వెలనాటి చోడుల నగరు ఏదని అడిగినచో చూపుటకు నేల మీద ఏమియు లేదు.

ఇది మన సీమకే పట్టిన గతి కాదు. ఓరుగల్లు కోటలో శిలాతోరణములు నాలుగు నిలిచినవి. కాకతీయుల మేడలు నిలువలేదు. 1591లో వెలసిన హైదరాబాదులో చార్మినారు ఉన్నది; దాని చుట్టును కుతుబ్‌షాహీ ప్రభువులు కట్టుకొన్న మహలులు పోయినవి. దేవునికి కట్టినవి, ఊరికి కట్టినవి ఉండగా, రాజు తనకై కట్టుకొన్న ఇల్లే ముందుగా పోవుట యెందుకు? శత్రువులు పడగొట్టిరని తటాలున సమాధానము చెప్పుట మనకు అలవాటు. అందులో నిజము లేకపోలేదు గాని, శత్రువు చేసిన పని సగమునకంటె తక్కువయే అని మా అభిప్రాయము.

మొదటి కారణము కొయ్య. మన దేశమున దేవునికి రాయి, మనుష్యునికి కొయ్య అనునది చిరకాలము సాగిన ఆచారము. రాజు కూడ ఈ విషయములో మనుష్యుడే. పెద్దింటికిని అతని నగరికిని భేదము పరిమాణములో, పనితనములో ఉండెడిది గాని సరుకులో అంతగా ఉండెడిది కాదు. రాతి అరుగు, దాని మీద కొయ్య స్తంభములు, కొయ్య దూలములు, పైన పెంకో సున్నపు మిద్దెయో, నడుమ ఇటుక గోడలు.

హంపీ దీనికి పెద్ద సాక్ష్యము. 1565లో రాక్షసి తంగడి యుద్ధము తరువాత విజయనగరము కొల్లబోయినది, కాలినది. విఠలాలయము కూడ ఆ మంటల పాలైనదే. కాని రాయి గనుక నిలిచినది. రాజప్రాసాదములున్న ఆవరణలో మిగిలినవి రాతి అధిష్ఠానములు మాత్రమే. ఏనుగులు, గుఱ్ఱములు, నర్తకులు చెక్కిన ఆ అరుగుల మీద ఇల్లు లేదు. నూరు స్తంభముల కొలువుకూటమని చెప్పు చోట స్తంభములు లేవు, వాని గుంటలు ఉన్నవి. గుంటల వరుసలను లెక్కించి స్తంభములు ఎన్నియో, నడవ ఎంత వెడల్పో, మెట్లు ఏ దిక్కుననో పండితులు నిర్ణయించుచున్నారు. పైకప్పు సంగతి బూడిదతో పోయినది. కృష్ణదేవరాయల కాలమున, 1520 ప్రాంతమున, ఆ నగరులో కొంత భాగము చూచిన పోర్చుగీసు వాడు డొమింగో పేయిస్ ఒక గదిని గూర్చి వ్రాసెను. దాని గోడలు క్రింది నుండి మీది వరకు దంతపు పని యట. స్తంభముల మీద దంతముతో చెక్కిన తామరలు, గులాబీలు ఉండెనట. కాలినప్పుడు కొయ్యకంటె దంతము ఏమంత మేలు? ఆ విదేశీయుడు వ్రాసి పెట్టనిచో అట్టి గది ఒకటి ఉండెనని మనకు ఊహకైన తోచదు.

ఇంకను వెనుకటి రాజుల ఇండ్లు చూడగోరువారికి ఒక చిత్రమైన ఉపాయము కలదు. అమరావతి స్తూపపు చలువరాతి పలకలలో శిల్పులు శుద్ధోదనుని కొలువును, మాయాదేవి శయనాగారమును, అనేక జాతక కథల రాజులను చెక్కిరి. ఆ శిల్పులు రాజగృహమనగా తమ కాలమున కన్నులార చూచిన దానినే చెక్కియుందురు. వంపు తిరిగిన పైకప్పులు, లాడము వంటి గవాక్షములు, కొయ్య కటకటాలు గల మేడ వసారాలు, వానిలో నుండి తొంగి చూచు స్త్రీలు, అన్నియు కొయ్యపని అని చూడగానే తెలియును. రెండవ శతాబ్ది నాటి రాచనగరు ఒక్కటియు నిలువలేదు. దాని రూపము పలనాటి సున్నపురాతి మీద నిలిచినది. ఈ పలకలకు పట్టిన గతి ముందు చెప్పెదము.

కొయ్య వాడని నగరు ఎట్లుండునో తెలిసికొనవలెనన్న చంద్రగిరి పోవలెను. అక్కడి రాజమహలు మూడు అంతస్తుల భవనము. రాయి, ఇటుక, సున్నము తప్ప దూలమనునది వాడక కమానుల మీద లేపిన కట్టడము. పెనుగొండ విడిచి వచ్చిన అరవీటి రాజులు అచ్చట ఉండిరి. 1639లో చెన్నపట్టణపు నేల ఆంగ్లేయులకు ఇచ్చిన సందర్భముతో ఆ మహలు పేరును ముడిపెట్టుట వాడుక. రాజ్యము పోయినది, రాజవంశము పోయినది, ఇల్లు ఉన్నది; నేడది పురావస్తు శాఖవారి ప్రదర్శనశాల. కట్టిన సరుకే దానిని కాపాడినదనుటకు సందేహము లేదు.

అట్లని రాయి అయినంత మాత్రమున చాలునా? చాలదు. ఇంగ్లండు రాజగృహముల కథ దీనికి మంచి పాఠము. అక్కడివి రాతితోను ఇటుకతోను కట్టినవే, వాటిని కాల్చిన పరదేశి సేనలు లేవు. అయినను ట్యూడరు రాజుల నగళ్ళలో ఎక్కువ భాగము మాయమైనవి. 1649లో మొదటి చార్లెసు రాజునకు శిరశ్ఛేదము చేసిన పిమ్మట పార్లమెంటువారు రాజు ఆస్తులను అమ్మకమునకు పెట్టిరి. ఎలిజబెత్తు రాణి కన్నుమూసిన రిచ్‌మండు నగరు రాళ్ళకై పడగొట్టబడినది. తోరణద్వారమును మరికొంత భాగమును మాత్రము మిగిలినవి. ఓట్‌లండ్సు నగరు ఇటుకలు వే నది కాలువకు లాకులు కట్టుటకు పోయినవి. వైట్‌హాలు మాత్రము అగ్నికి ఆహుతియైనది. 1698 జనవరిలో పనిమనిషి ఒకతె బొగ్గుల కుంపటి దగ్గర బట్టలు ఆరవేయగా అంటుకొనెనట. పదునైదు వందల గదులకు పైగా ఉన్న నగరులో పెద్ద కట్టడమనదగినది విందుశాల ఒక్కటి దక్కినది.

నాన్‌సచ్ నగరు కథ మరియు విచిత్రము. ఆ పేరునకు ఇటువంటిది మరి లేదని అర్థము. ఎనిమిదవ హెన్రీ 1538లో దానిని ఆరంభించెను. దానికై కడింగ్టను అను గ్రామమును, ఆ గ్రామపు చర్చిని నేలమట్టము చేసిరి. ఆ ఏటనే మూతపడిన మెర్టను మఠపు చెక్కడపు రాళ్ళను తెచ్చి పునాదులలో వేసిరి. నూటనలువది నాలుగేండ్లు గడచినవి. రెండవ చార్లెసు తన ప్రియురాలికి ఆ నగరును కానుకగా ఇచ్చెను. ఆమె జూదపు అప్పులు తీర్చుకొనుటకు 1682లో దానిని విప్పించి సరుకు అమ్మివేసెను. మఠపు రాళ్ళు మేడకు వచ్చినవి. మేడ రాళ్ళు ఎవరెవరి ఇండ్లకో పోయినవి.

ఓట్‌లండ్సు ఇటుకలు కాలువ లాకుకు పోయినవని వినగానే తెనాలి సీమవారు నవ్వుకొనక తప్పదు. అట్టి పని మన ఇంటిముందరనే జరిగినది. 1855 నాటికి బెజవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియై కాలువలు పారజొచ్చెను. కాలువలకు తూములు, లాకులు కావలెను, గట్టులకు రోడ్లు కావలెను. డెల్టా నేలలో రాయి దొరకదు. భట్టిప్రోలు స్తూపము ఇంజనీర్ల కంట బడినది. 1870 ప్రాంతమున దాని ఇటుకలు రోడ్డుకు, చలువరాళ్ళు వెల్లటూరు తూమునకు పోయినవి. రే వచ్చి త్రవ్వించినది వారు వదలిపెట్టిన శేషమును. కుబిరకుని పేరు వారి గునపములకు అందని లోతున ఉండుట మన అదృష్టము. ఆ ఇంజనీర్లను దుర్మార్గులని మేము అనము. కరవులో మలమల మాడిన జిల్లాకు నీరు తెచ్చిన వారు. స్తూపమునకు బౌద్ధులు లేరు. అడ్డుచెప్పువారు లేని కట్టడము రాతిగని యగును.

ఇక అమరావతి. ఈ కథ అంతయు అచ్చట ఒక్కచోట కుప్పబడి కనుపించును.

వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు చింతపల్లి జమీందారు. 1761లో జన్మించెను. కృష్ణాతీరమున పెద్ద జమీ, పెద్ద మనసు, అంతకు మించిన ఖర్చు. కుంపిణీవారితో మనస్పర్ధలు ముదిరిన పిమ్మట చింతపల్లి కోటను వదలి, 1796 ప్రాంతమున ధరణికోట ప్రక్కన అమరేశ్వరుని సన్నిధిలో క్రొత్త పట్టణము వేయించెను. చెంచులను విందుకు పిలిచి చంపించిన పాపము పోగొట్టుకొనుటకు వచ్చెనని జనుల నోట కథ ఒకటి కలదు. వర్తకులను పిలిచి స్థలములిచ్చెను, వీధులు తీర్పించెను, ఆలయమును జీర్ణోద్ధారము చేయించెను, తనకొక నగరు కట్టించెను. ఇంత పనికి రాయి, ఇటుక ఎక్కడివి? ఊరి చెంత దీపాలదిన్నె అను పెద్ద దిబ్బ ఉన్నది. కూలీలు దానిని త్రవ్వగా ఇటుకలతోపాటు బొమ్మలు చెక్కిన చలువరాతి పలకలు బయల్పడసాగినవి. అది క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దిలో మొదలై శాతవాహనుల నాట పెంపొందిన మహాచైత్యమని వారికి తెలియదు. నిధి దొరకునని ఆశించినవారికి బొమ్మలు దొరికినవి. బొమ్మలైనను పలకలు పలకలే. కొన్ని కట్టడములలోనికి, కొన్ని శివగంగ చెరువు మెట్లకు, కొన్ని గుడులకు పోయినవి. ఒక మసీదుకు వాడినవానిని బొమ్మలు అరుగునట్లు రాచి మరీ వాడిరని మెకంజీ వ్రాసెను.

కాలిన్ మెకంజీ 1797లో సంగతి విని వచ్చి చూచెను. అప్పటికి దిబ్బ నడుమ త్రవ్విరిగాని చుట్టును చాల భాగము మిగిలియే ఉండెను. 1816లో ఆయన మరల, ఈసారి సర్వేయరు జనరలు హోదాలో, చిత్రకారులను వెంటబెట్టుకొని వచ్చునప్పటికి దిబ్బ మధ్యభాగము చెరువుగా మారినది. ఆ చిత్రకారులు గీసిన పటములే లేకున్న అనేక పలకల రూపము మనకు దక్కెడిది కాదు. కొయ్య మేడలను చెక్కిన రాళ్ళు ఒక మేడ కట్టు సందడిలో పగిలినవి!

ఆ ఏడాది ఆగస్టులోనే వెంకటాద్రినాయుడు స్వర్గస్థుడయ్యెను. ఔరస సంతతి లేదు. జగన్నాథబాబు, రామనాథబాబు అని ఇరువురిని ఒకరి తరువాత ఒకరిని దత్తత చేసికొనియుండెను. ఎస్టేటు ఎవరిదను వ్యాజ్యము చెన్నపట్టణము దాటి, సముద్రము దాటి, లండనులోని ప్రీవీ కౌన్సిలు వరకు నడచెను. అప్పటికి జగన్నాథబాబు గతించి ఆయన వితంతువులు రంగమ్మ, అచ్చమ్మ కక్షిదారులైరి. అందుచేత తీర్పు రంగమ్మ, అచ్చమ్మల కేసుగా న్యాయవాదులకు సుపరిచితమైనది. మొదటి దత్తపుత్రుడు బ్రతికియుండగా రెండవ దత్తత చెల్లదని 1846లో తేలినది. తేలుటకు ముప్పది సంవత్సరములు పట్టెను. ఈలోగా 1832, 33 సంవత్సరముల గుంటూరు కరవు వచ్చినది. జిల్లాలోని అయిదు లక్షల జనములో లక్షన్నరకు పైగా నశించిరి. దున్నువాడు లేడు, శిస్తు లేదు. పేష్కషు బకాయిలు కొండలైనవి. 1840 తరువాత గుంటూరు జమీందారీలన్నియు ఒకదాని వెంట ఒకటి కుంపిణీ చేతికి పోయినవి. ధర్మశాస్త్రమునకు గొప్ప తీర్పు లభించినది, నగరుకు యజమాని లేకపోయెను.

1845లో వాల్టర్ ఇలియట్ దీపాలదిన్నెలో మిగిలిన పలకలు తీయించి చెన్నపట్టణము పంపెను. వానిలో సుమారు 120 పలకలు 1859లో ఓడనెక్కి లండను చేరినవి. నేటికిని బ్రిటిష్ మ్యూజియములో ఉన్నవి. వెంకటాద్రినాయుని నగరు మాత్రము శిథిలమై పోయినది.

ఆ నాయుడే కట్టించిన మరొక కట్టడమును తెనాలివారు మంగళగిరి పోయినప్పుడెల్ల చూచుచునే యున్నారు. లక్ష్మీనరసింహస్వామివారి గాలిగోపురము 1807 మొదలు 1809 వరకు ఆయన కట్టించినదే. పదునొకండు అంతస్తులు, 153 అడుగుల ఎత్తు. ఒకే ప్రభువు, ఒకే కాలము, ఒకే బొక్కసము. ఒకటి ఉన్నది, ఒకటి పోయినది. గోపురము ఏ ఒక్కరి వారసత్వమును కాదు. ఉత్సవము తప్పని ఊరు ఉన్నది, సున్నము రాలినచోట పూయించు ధర్మకర్తలు ఉన్నారు, దాని ఇటుక ఒకటి ఊడదీసినను కేకవేయు భక్తులు ఉన్నారు. నగరుకు ఉన్నది ఒక కుటుంబము; ఆ కుటుంబమునకు ఉన్నది ఒక దావా.

పోయిన వానిని తలచి వగచుటకు మేమీ ప్రసంగము తలపెట్టలేదు. గోడలు పోయినను పునాదులు అంత త్వరగా పోవు. ఎవరికిని అక్కరలేనివి గనుక అవి నేలలో ఉండిపోవును. 1959లో మార్టిన్ బిడిల్ అను యువకుడు నాన్‌సచ్ పచ్చికబయలును త్రవ్వించగా ఒక్క వేసవిలో నగరు నక్ష అంతయు తేలినది. గదులు, నడవలు, సారాయి కొట్లు, వాని క్రింద కడింగ్టను చర్చి పునాది సైతము కనబడినవి. వేలకొలది జనులు వచ్చి చూచిరి. హంపీలో ఇరువదవ శతాబ్ది పొడుగునను అట్లే ఒక్కొక్క అరుగు మట్టిలో నుండి లేచినది. చందవోలులో ఏమున్నదో పలుగు పట్టి శాస్త్రీయముగా చూచినప్పుడుగాని తెలియదు. అంతదనుక అక్కడి నేల చెదరకుండుటయే ముఖ్యము. నిధివేటగాండ్ర గునపము ఒక్క రాత్రిలో చేయు చెరుపును తరువాత ఏ పండితుడును సరిదిద్దలేడు. మట్టి పొరలు కలిసిపోయిన పిమ్మట ఏ పెంకు ఏ రాజు నాటిదో చెప్పు సాక్షి ఉండదు.

అందుచేత చందవోలు, భట్టిప్రోలు, ధరణికోట వంటి చోట్ల ఇంటి పునాదికో బావికో త్రవ్వుకొనువారికి ఒక గురుతు చెప్పెదము. చదునుగా చెక్కిన రాతి దిమ్మెలు సమదూరమున వరుసదీరి, ఒక్కొక్కదాని నడుమ చదరపు గుంట ఉన్నచో అవి కొయ్య స్తంభములు నిలిపిన దిమ్మెలు. వెడల్పైన పాత ఇటుకలు, నల్లని బొగ్గు పొర, పైకప్పు పెంకులు కలిసి దొరికినచో అది కాలిన ఇల్లు. బంగారము దొరకిన తెలుపవలెనని అందరికిని తెలియును. 1878 నాటి నిధుల చట్టము ప్రకారము పది రూపాయలు మించిన నిధి కనబడిన కలెక్టరుకు తెలుపవలసినదే. గుంట గల దిమ్మెకు పది రూపాయల వెల కట్టువారు ఉండరు. అయినను పలుగు ఆపి, దానిని కదల్పక, గ్రామాధికారుల ద్వారా పురావస్తు శాఖవారికి ఒక్క కార్డు ముక్క వ్రాయుడు.